పడవలో రెండో ఫ్లాస్కు

రుషికొండలోనో, అండమాన్ స్వరాజ్ ద్వీప్‌లోనో డైవింగ్ గైడ్‌గా కొత్తగా పనిలో చేరారా? అయితే పడవలో టీ ఫ్లాస్కు పక్కన ఇంకో పెద్ద ఫ్లాస్కు పెట్టుకోండి. దాని నిండా మరిగిన నీళ్లు పోయండి. టీ అయిపోయిందని ఎవరు బతిమాలినా దాని మూత తీయకండి.

టేకు చేప తోకముల్లు, లయన్‌ఫిష్ ముళ్లు, రాయిలా పడి ఉండే స్టోన్‌ఫిష్, వల విప్పుతుంటే గుచ్చుకునే జెల్ల ముల్లు, వీటన్నిటి నొప్పికీ మొదటి మందు వేడినీళ్లే. గుచ్చుకున్న చేతినో కాలినో 45 డిగ్రీలకు మించని వేడినీళ్లలో అరగంట నుంచి గంటన్నర దాకా ఉంచాలి. థర్మామీటర్ లేకపోతే దెబ్బతగలని చేతిని ముందు ముంచి చూడమనండి. అది ఓర్చుకోగలిగిన వేడి చాలు. దెబ్బతగిలిన కాలు చెప్పేది నమ్మకండి, ఆ బాధలో చర్మం బొబ్బలెక్కుతున్నా తెలియదు. నీళ్లు చల్లారితే కాలు పక్కకు తీయించి, అప్పుడు వేడినీళ్లు కలపండి.

పైకి కనిపించే చిన్న ముళ్ల ముక్కల్ని పట్టకారుతో తీయొచ్చు. ఛాతీలో, పొట్టలో, మెడలో దిగిన ముల్లును మాత్రం లాగకూడదు. కదలకుండా గుడ్డ చుట్టి, అలాగే ఆస్పత్రికి చేర్చాలి. 2006 సెప్టెంబరులో ఆస్ట్రేలియాలో స్టీవ్ ఇర్విన్ ప్రాణం తీసింది ఛాతీలో దిగిన టేకు ముల్లే.

జెల్లీఫిష్ తగిలితే సముద్రపు నీళ్లతోనే కడగాలి. మంచినీళ్లు పోస్తే చర్మానికి అంటుకుని ఇంకా పేలని విషకణాలు కూడా పేలతాయి. ఇసుకతో రుద్దడం, మూత్రం పోయడం లాంటి తీరం వైద్యాలు మానేయండి. బాక్స్ జెల్లీఫిష్ అయితే వెనిగర్ పోయాలి. అన్ని జాతులకూ అదే మందు కాదు కాబట్టి, మీ తీరంలో తగిలేవేవో పాతకాపుల్ని అడిగి తెలుసుకోండి. ఊపిరి ఆడకపోయినా, గుండె దడ పట్టినా వేడినీళ్ల కోసం ఆగొద్దు, పడవ తిప్పేయండి.

ఇంత వైద్యం చెప్పాక అసలు మాట. సముద్రజీవులు మనల్ని వెతుక్కుంటూ రావు, మన మోకాలే వాటి మీద పడుతుంది. నీళ్లలో తేలిపోకుండా, కుంగిపోకుండా నిలబడగలిగే అతిథికి సగం గాయాలు తప్పినట్టే. విశాఖ నీళ్లు చాలా రోజులు మసకగా ఉంటాయి. చూపు ఆననప్పుడు చెయ్యి రాయిని తడుముతుంది, ఆ రాయి స్టోన్‌ఫిష్ కావచ్చు. రాళ్ల కంతల్లో చెయ్యి పెట్టకూడదు, మోరే ఈల్ ఇల్లు అదే. గవ్వ అందంగా ఉందని తీసుకునే అతిథిని అక్కడే ఆపండి. కోన్ నత్త గుచ్చితే విరుగుడు మందే లేదు. ఒడ్డున లోతు తక్కువ చోట అడుగులు ఎత్తి వేయకుండా ఇసుకలో ఈడుస్తూ నడిస్తే టేకు చేప ముందే తప్పుకుంటుంది. ఒకటి మాత్రం నిజంగానే వెంటపడుతుంది: గూడు కాపలా కాస్తున్న టైటాన్ ట్రిగ్గర్‌ఫిష్. దాని హద్దు గూటి నుంచి పైకి పోయేకొద్దీ వెడల్పవుతుంది. అందుకే పైకి కాకుండా పక్కకు ఈదాలి.

ఓడల అడుగు గీకే డైవర్లకు విషం కంటే గుల్లల కోతలే పెద్ద బెడద. మందమైన గ్లవ్స్ వేసుకోండి. కోసుకుంటే ధారగా పోసే మంచినీళ్లతో, సబ్బుతో బాగా కడగండి. ఎర్రబడి వాపు పాకుతుంటే ఆ రోజే డాక్టరు దగ్గరికి వెళ్లి, సముద్రంలో తగిలిన గాయమని నోరు తెరిచి చెప్పండి. ఉప్పునీటి బాక్టీరియాకు వాడే మందులు వేరు. షుగర్, లివర్ జబ్బు ఉన్నవాళ్లు ఒక్కపూట కూడా ఆలస్యం చేయకూడదు.

సముద్రపు పాము కాటు చాలాసార్లు నొప్పే పెట్టదు. కొన్ని గంటలకు కండరాల నొప్పులు, నల్లటి మూత్రం మొదలవుతాయి. కాటు పడిన కాలికో చేతికో మొత్తం గట్టి బ్యాండేజీ చుట్టి, కదలనీయకుండా పెద్దాస్పత్రికే తీసుకెళ్లాలి. మన ఆస్పత్రుల్లో దొరికే పాముకాటు మందు నేలపాములకు చేసినది, దీనికి పనిచేయదు. వెంటిలేటరు, డయాలసిస్ ఉన్నచోటు ఏదో డైవ్‌కు ముందే తెలుసుకుని ఉండండి.

నీళ్ల అడుగున కుట్టించుకున్న అతిథి చేసే మొదటి పని, ఊపిరి బిగబట్టి పైకి దూసుకుపోవడం. ఆ దూకుడు కుట్టినదానికంటే ప్రమాదం. భుజం పట్టుకుని, కళ్లలోకి చూస్తూ, మామూలు వేగంతోనే పైకి తీసుకురండి. పైకొచ్చాక తిమ్మిరి, తల తిరగడం ఉంటే అది విషమో, డికంప్రెషనో డాక్టరు తేల్చాలి. ఎంత లోతుకు, ఎంతసేపు వెళ్లారు, ఎన్నింటికి ఏది కుట్టింది, ఎన్నింటికి వేడినీళ్లలో పెట్టారు అన్నీ ఒక చీటీ మీద రాసి అతిథి చొక్కా జేబులో పెట్టి పంపండి.