గోడకు ఏ రంగు?

పండగ దగ్గర పడింది. ఇంటికి వెల్ల వేయాలి. ముందురోజే సున్నపు రాళ్లలో నీళ్లు పోశారు. అవి కుతకుత ఉడికాయి. అప్పుడు పిల్లలను దగ్గరకు రానివ్వలేదు. సున్నం కంట్లో పడితే కన్నే పోవచ్చు.

తెల్లారాక కోడలు సున్నాన్ని పలుచని గుడ్డతో వడగట్టింది. కొంచెం జిగురు కలిపింది. ఇక పసుపు రంగు పొడి కలపాలి. సున్నంలో వేసే పొడినే అడిగి తెచ్చింది. అన్ని రంగులూ సున్నానికి ఆగవు.

"చెంబు సున్నానికి అర చెంచా పొడి చాలు అత్తయ్యా" అంది.

అత్త ఒప్పుకోలేదు. "ఒక చెంచా వెయ్యి. మరీ తెల్లగా ఉంటే చేయి తగిలినా మరక కనబడుతుంది" అంది.

అర చెంచాకూ చెంచాకూ తేడా ఎంత? చెంబులో చూస్తే రెండూ ఒకటే. కానీ లోపలి గదికి ఒకటే చిన్న కిటికీ. పదో తరగతి చదివే మనవరాలు అక్కడే చదువుకుంటుంది. లేత గోడ వెలుతురును తిరిగి గదిలోకి పంపుతుంది. ముదురు గోడ మింగేస్తుంది. వేశాక నచ్చకపోతే మళ్లీ సున్నం కొనాలి, మళ్లీ రెండు రోజుల పని.

"నానమ్మా, రెండూ వేసి చూద్దాం" అంది మనవరాలు.

రెండు రంగులూ పక్కపక్కనే వేశారు. ఒక్కొక్కటి 2 అడుగుల పొడవు, 2 అడుగుల వెడల్పు. కిటికీ దగ్గర ఒకచోట, చీకటి మూలలో ఒకచోట.

"చూశావా, తేడా లేదు" అంది అత్త.

"ఆరనివ్వండి అత్తయ్యా."

సున్నం తడిమీద ఒక రంగు, ఆరితే ఒక రంగు. ఆరాక బాగా తేలుతుంది. మర్నాడు మామ తెల్ల పంచె తెచ్చి గోడ పక్కన పట్టుకున్నారు. అప్పుడు తేడా తెలిసింది. కిటికీ దగ్గర రెండూ బాగానే ఉన్నాయి. మూలలో మాత్రం చెంచా రంగు మట్టి పూసినట్టు ఉంది. రాత్రి ట్యూబులైటు వేసి కూడా చూశారు. అర చెంచా రంగే వెలుగుగా ఉంది.

"సరే, గదికి నీ రంగు. వసారాకు నా రంగు. అక్కడ అందరూ గోడకు జారబడతారు" అంది అత్త. ఆ మాట నిజమే.

ఒక గదికి కావలసింది ఒకేసారి కలిపారు. సగంలో అయిపోయి మళ్లీ కలిపితే రంగు కలవదు. వచ్చే ఏడాదికి పనికొస్తుందని కోడలు నోటుబుక్కులో రాసుకుంది:

గది - 10 చెంబులు, 5 చెంచాలు.
వసారా - 6 చెంబులు, 6 చెంచాలు.