పాత గోడకు సిమెంట్ పడదు

బడంగ్‌పేట్‌లో మా తాత కట్టిన ఇంటి గురించి జూన్ నుంచి మా వాళ్ళ మధ్య పంచాయితీ నడుస్తోంది. ఇంకా తెగలేదు. పెద్దనాయిన కూలగొట్టి జీ ప్లస్ త్రీ వేద్దామంటాడు. మా బాపు ఏమీ అనడు. నానమ్మ మాత్రం "నేను పోయినంక ఏమన్న చేసుకోండ్రి" అంటుంది. పెద్దనాయిన చెప్పే కారణం ఒక్కటే: గోడలు చెమ్మపట్టి పొట్టు రాలుతున్నాయి, ఇంటి ఆయుష్షు అయిపోయింది.

నేను సీఎస్ఈ సెకండ్ ఇయర్. సివిల్ ఫ్రెండ్స్ నవ్వొద్దు, కానీ ఆ కారణం మీద నాకు డౌట్ వచ్చింది. ఎందుకంటే నానమ్మ ఇంకో మాట కూడా అంది: "సిమెంట్ కొట్టించినంకనే ఈ చెమ్మ. అంతకుముందు లేకుండె." బగ్ ఏ మార్పు తర్వాత వచ్చిందో తెలిస్తే సగం పని అయినట్టే కదా. అక్కడ్నుంచి చదవడం మొదలుపెట్టాను. (ఇంగ్లిష్ మీడియం వాణ్ణి, తెలుగులో ఇంత పొడుగు రాయడం ఇదే ఫస్ట్ టైమ్. తప్పులుంటే క్లబ్ వాళ్ళు దిద్దారనుకోండి.)

ముందు ఇల్లు ఎలా ఉంటుందో చెప్పాలి. రాళ్ళు, మట్టి కలిపి కట్టిన రెండడుగుల మందం గోడలు, వాటి మీద సున్నం గచ్చు. పైన టేకు దూలాలు, దంతెలు, గూన పెంకలు. వెనకాల బర్రెల కొట్టం. ఇప్పుడు బర్రెల్లేవు, పాత సైకిళ్ళు, కూలర్ ఉన్నాయి. నేను పుట్టకముందే ఒక మేస్త్రీ "గట్టిగుంటది" అని చెప్పి గోడలన్నిటికీ లోపలా బయటా సిమెంట్ ప్లాస్టర్ చేశాడు. దాని మీద ఎనామిల్ పెయింట్.

ఇప్పుడు అసలు పాఠం. ఇలాంటి పాత గోడకు పునాది దగ్గర చెమ్మను ఆపే పొర ఉండదు. నేలలో తడి ఉంటే దీపం వత్తి నూనె పీల్చినట్టు గోడ పీల్చుకుంటుంది. మన పెద్దవాళ్ళు దాన్ని ఆపాలని చూడలేదు, పీల్చింది బయటికి పోయే దారి ఉంచారు. సున్నం గచ్చులో సన్నని రంధ్రాలు చాలా ఉంటాయి. వానాకాలం ఎక్కిన తడి వాటిగుండా ఆవిరైపోతుంది. అదే గోడకు సిమెంట్ పూస్తే ఆ దారి చాలావరకు మూసుకుపోతుంది. ఎనామిల్ మిగిలింది కూడా మూసేస్తుంది. ఇక తడి పైపైకి ఎక్కుతుంది. మా ఇంట్లో కిటికీ దాకా వచ్చింది. ఎక్కడ సందు దొరికితే అక్కడ ఆవిరై, తనతో తెచ్చిన ఉప్పును అక్కడే వదిలేస్తుంది. ఆ ఉప్పు గడ్డకట్టి ఉబ్బి ప్లాస్టర్‌ను నెడుతుంది. మనకు కనబడే తెల్ల పొడి, రాలే పొట్టు అదే. పైగా మట్టి గోడ ఎండకు వానకు కొంచెం కదులుతుంది. సున్నం దానితో పాటు సర్దుకుంటుంది. సిమెంట్ సర్దుకోదు, పగులుతుంది. ఆ పగుళ్ళలోంచి నీళ్ళు లోపలికి పోతాయి కానీ బయటికి రావు.

పాత కట్టడాలు బాగుచేసేవాళ్ళ లెక్కలో మొదటి రూల్ నాకు వింతగా అనిపించింది: పైపూత ఎప్పుడూ గోడకన్నా మెత్తగా ఉండాలి. ఎందుకంటే అరగాల్సింది పూత, గోడ కాదు. కొన్నేళ్ళకోసారి పూత మార్చుకోవచ్చు. "గట్టిగుంటది" అనేది ఇక్కడ మెచ్చుకోలు కాదు, కంప్లైంట్.

సున్నం కెమిస్ట్రీ ఇంటర్‌లో బట్టీ పట్టిందే, అప్పుడు ఇంత బాగుంటుందని తెలియలేదు. సున్నపురాయిని దాదాపు 900 డిగ్రీల దగ్గర కాలిస్తే కార్బన్ డయాక్సైడ్ పోయి పొడి సున్నం మిగులుతుంది. నీళ్ళు పోస్తే బుసబుసమని మరుగుతుంది (కళ్ళు జాగ్రత్త, ఇది ఇంట్లో ట్రై చేసే ప్రయోగం కాదు). గోడకు పూశాక గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను మెల్లమెల్లగా తీసుకుని మళ్ళీ రాయవుతుంది. రాయితో మొదలై రాయి దగ్గరికే వచ్చే లూప్ అన్నమాట. పాతకాలంలో దీన్ని ఇసుక, ఇటుక పొడితో కలిపి ఎద్దుల గానుగలో రుబ్బేవారు. మనవైపు డంగు సున్నం అనేది ఇదే. ఇటుక పొడి ఊరికే కలపలేదు. కాలిన మట్టిలోని సిలికా సున్నంతో కలిసి తడిలో కూడా గట్టిపడుతుంది. బెల్లం నీళ్ళు, కరక్కాయ నీళ్ళు కూడా పోసేవారు. సిమెంట్ సంగతి వేరు. ఇంగ్లండ్‌లో జోసెఫ్ ఆస్ప్‌డిన్ పోర్ట్‌లాండ్ సిమెంట్‌కు పేటెంట్ తీసుకున్నది 1824లో. అప్పటికి చార్మినార్‌కు రెండు వందల ఏళ్ళు దాటాయి.

ఇదంతా పుస్తకాల మాట అనుకుంటే గోల్కొండ దగ్గరి కుతుబ్‌షాహీ సమాధులకు వెళ్ళండి. ఆగా ఖాన్ ట్రస్ట్ ఫర్ కల్చర్ రాష్ట్ర ప్రభుత్వంతో కలిసి 2013లో మొదలుపెట్టిన పని పదేళ్ళకు పైగా నడిచింది, 2024లో పూర్తయింది. అక్కడ చేసిన ముఖ్యమైన పనుల్లో ఒకటి, 20వ శతాబ్దంలో రిపేర్ పేరుతో పూసిన సిమెంట్‌ను తీసేసి మళ్ళీ సున్నం పూయడం. అంటే రిపేర్‌కే రిపేర్! అక్కడి బడీ బావోలిలో ఒక పక్క గోడ 2013 వానలకు కూలింది. దాన్ని తిరిగి కట్టారు. గోల్కొండ మెట్లబావుల పనికి 2022లో యునెస్కో ఆసియా పసిఫిక్ అవార్డు వచ్చింది.

మా ఏరియాకు ఇంకా దగ్గర్లో పైగా సమాధులున్నాయి. బాలాపూర్ అంటే అందరికీ లడ్డూ వేలమే గుర్తొస్తుంది కానీ, అది దాటి సంతోష్‌నగర్ వైపు పోతే పిసల్‌బండలో సున్నంతో చేసిన ఆ పూల పని, జాలీలు చూడొచ్చు. రోజూ ఆ దారిలో పోయే వాళ్ళం కూడా లోపలికి పోము. నేనూ ఈ వ్యాసం కోసమే మొదటిసారి వెళ్ళాను.

సరే, మా ఇంటికి ఏం చేయాలి? అందరూ పూత దగ్గర మొదలుపెడతారు, కానీ మొదలుపెట్టాల్సింది నీళ్ళ దగ్గర. మా వీధిలో సీసీ రోడ్డు మీద ఇంకో సీసీ రోడ్డు వేసి వేసి, ఒకప్పుడు మూడు మెట్లెక్కి పోయే ఇంట్లోకి ఇప్పుడు దిగి పోతున్నాం. వాన నీళ్ళు గోడ కిందే నిలుస్తాయి. ముందు గోడ వెంట చిన్న కాలువ తీసి, పగిలిన గూనలు మార్చాలి. తర్వాత సిమెంట్‌ను ఉలితో మెల్లగా తీయాలి, డ్రిల్ మెషిన్ పెడితే రాళ్ళు కదులుతాయి. ఆ తర్వాత ఎవరికీ ఇష్టం లేని స్టెప్: ఊరికే ఉండటం. గోడ ఎండాలి, అందుకు ఒక ఎండాకాలం పట్టొచ్చు. అప్పుడు సున్నం, పల్చటి పొరలుగా, తడి గోనె కప్పుతూ. దూలం చివర చెదపట్టిందని మొత్తం పీకాల్సిన పని లేదు. పాడైన కొస వరకు కోసి కొత్త టేకు ముక్క అతికించే వడ్రంగులు ఇంకా ఉన్నారు. సున్నం పని తెలిసిన మేస్త్రీ దొరకడమే అన్నిటికన్నా కష్టం.

పెద్దనాయిన వాదనలో ఒకటి మాత్రం నిజం. ఈ ఇల్లు మాకు సరిపోదు. బాత్రూమ్ బయట ఉంది, మోకాళ్ళ నొప్పులతో నానమ్మ రాత్రి వాకిలి దాటాలి. పాతది కాపాడటం అంటే ఆమెను అలాగే నడిపించడం అయితే నాకొద్దు. దీని మీద కూడా ప్రపంచంలో చాలా గొడవ జరిగింది. ఇంగ్లండ్‌లో పాత చర్చిలను గీకి, "అసలు రూపం" పేరుతో కొత్తగా చేసేస్తున్నారని విలియం మోరిస్ 1877లో ఏకంగా ఒక సంఘమే పెట్టాడు. 1964 వెనిస్ చార్టర్ ప్రకారం కొత్తగా కలిపింది పాతదానితో కలిసిపోవాలి, కానీ పాతదిగా నటించకూడదు. నాకు నచ్చింది ఇది. మా కేసులో, బాత్రూమ్ గదికి సొంత పునాది, సొంత గోడలు ఉండాలి, పాత గోడ మీద స్లాబ్ బరువు పెట్టకూడదు. కొట్టం స్తంభాలు అలాగే ఉంచి, మధ్యలో ఒక గది వేస్తే నాకు చదువుకోవడానికి అవుతుంది. రేపు ఎవరైనా వద్దనుకుంటే ఆ గది ఒక్కటే తీసేయొచ్చు, స్తంభాలకేం కాదు.

ఇదంతా బాపుకు చెప్పాను. అంతా విని "సరే, ఒక్క చోట తీసి చూద్దాం" అన్నాడు. పోయిన ఆదివారం ఇద్దరం కలిసి ఉత్తరం గోడకు లోపలి వైపు మూడడుగుల మేర సిమెంట్ తీశాం. నాలుగు గంటలు పట్టింది. కింద పాత సున్నం అక్కడక్కడ మిగిలే ఉంది. దాని వెనక మట్టి, వేలితో నొక్కితే దిగబడుతోంది. నానమ్మ వచ్చి చెయ్యి పెట్టి "సల్లగున్నది" అంది.

ఫోన్‌లో ఫొటో తీసి తేదీ రాసుకున్నాను. పెద్దనాయిన దీపావళికి వస్తాడు. అప్పటికి ఆ మూడడుగులు ఎంత ఎండుతుందో చూడాలి.