నీడ కోల్పోయిన తోట

శ్రీ సత్యసాయి జిల్లాలోని చిలమత్తూరు కర్ణాటక సరిహద్దున ఉన్న మెట్టప్రాంతం. 2022వ సంవత్సరం వరకు ఇది అనంతపురం జిల్లాలో ఉండేది. ఆ ఉమ్మడి జిల్లా సగటు వార్షిక వర్షపాతం సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. ఇటువంటి సీమలో చెట్టునీడ గొప్ప సంపద. ఈ మండలంలోని వీరాపురంలో ఎర్రకాళ్ల కొంగలు ఏటేటా చింతచెట్లపై గూళ్లు కట్టి గుడ్లు పొదుగుతాయి. చెట్టుపై పక్షులు ఆశ్రయం పొందినట్లే, చెట్టు క్రింద మొక్కలు ఆశ్రయం పొందుతాయి. పెరటివేప నీడలో తమలపాకు తీగ, అల్లం, పసుపు, ఫెర్న్ మొక్కలు చల్లగా పెరుగుతాయి. ఆ వేప ఒకనాడు గాలివానకు కూలిపోతే వాటి గతి ఏమిటి?

ముందుగా ఒక హెచ్చరిక. ఎండినట్లు కనిపించిన చెట్టు చనిపోయిందని తొందరపడి నరకరాదు. 2021లో తెలుగు రాష్ట్రాలలో శిలీంధ్రపు తెగులు సోకి అనేక వేపచెట్ల కొమ్మలు మాడిపోయాయి. వాటిలో చాలా చెట్లు తరువాత మరల చిగిర్చాయి. చిన్న కొమ్మ బెరడును గోటితో గీచి చూడవలెను. లోపల పచ్చదనం ఉన్నట్లయితే ఆ చెట్టుకు ప్రాణమున్నట్లే.

నీడలో పెరిగిన ఆకు పలుచగా, వెడల్పుగా ఉంటుంది. తక్కువ వెలుతురును ఒడిసిపట్టుటకు అది అనువైన నిర్మాణం. అటువంటి ఆకుపై తీవ్రమైన ఎండ పడితే పత్రహరితం దెబ్బతిని, ఆకు మొదట పాలిపోయి, పిదప మాడిపోతుంది. పాత ఆకు తన స్వభావాన్ని అంతగా మార్చుకొనలేదు. కాని వెలుతురు క్రమంగా పెరిగితే, కొత్తగా వచ్చే ఆకులు మందంగా, చిన్నవిగా పుడతాయి. కనుక మొక్కకు కావలసినది వ్యవధి. ఆ వ్యవధిని కల్పించుటయే తోటమాలి కర్తవ్యం.

చెట్టు కూలిన నాడే కొబ్బరిమట్టలతో గాని, సగం ఎండను ఆపే నీడవలతో గాని పందిరి వేయవలెను. పడమటి ఎండ మిక్కిలి తీవ్రమైనది. కావున ఆ వైపున తడిక కట్టవలెను. అది వేడిగాలిని కూడ అడ్డగిస్తుంది. మొదళ్లకు తగలకుండ వేరుశనగ పొట్టును రెండంగుళాల మందాన పరచినట్లయితే నేలలోని తేమ నిలుస్తుంది. మూతి మాత్రం పైకి ఉండునట్లు మట్టికుండను పాతి, నీరు నింపి మూసినచో ఆ నీరు మెల్లగా వేళ్లకు ఊరుతుంది. మాడిన ఆకులను వెంటనే త్రుంపరాదు. అవి క్రింది ఆకులకు కొంత నీడనిస్తాయి. వేసవిలో మొక్కలను పెకలించి వేరొకచోట నాటరాదు. వానాకాలం వరకు ఆగవలెను. అప్పటినుండి పందిరిని కొద్దికొద్దిగా పలుచన చేయవచ్చును.

ఇది తాత్కాలిక రక్షణ. ఆముదం, కంది వంటివి కొన్ని నెలలలోనే ఎదిగి పలుచని నీడనిస్తాయి. తమలపాకు తోటలలో రైతులు అవిశెను నీడ కొరకే పెంచుతారు. వీటితోపాటు పాత మోడుకు కొంత దూరంలో వేపనో, కానుగనో నాటవలెను. పందిరి ఈ వేసవిని దాటిస్తుంది. అవిశె కొన్నేండ్లు కాపాడుతుంది. వేప రాబోవు తరానికి నీడనిస్తుంది. ఈ మూడింటిలో ఏ ఒక్కటి లోపించినా తోట నిలువదు. కరవుసీమలో నీడను కాపాడుట నీటిని కాపాడుటయే.

ప్రశ్నలు
1. నీడలో పెరిగిన ఆకు ఎండకు ఎందుకు మాడిపోతుంది?
2. నీడ కోల్పోయిన మొక్కలను కాపాడే మూడు దశలను వివరించండి.