నిమిరితే తగ్గేది, నిమిరినా తగ్గనిది

సమస్య: మేడమ్ గారూ, మాది విజయవాడ వన్ టౌన్. మా చెల్లెలి అత్తవారిల్లు సింగ్ నగర్. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు ముంచెత్తినప్పుడు చంటిబిడ్డతో మేడ మీద చిక్కుకుపోయింది. ఇప్పటికీ వాన మొదలైతే వణికిపోతుంది, రాత్రిళ్లు ఉలిక్కిపడి లేస్తుంది. తెలిసినవాళ్లు చెబితే ఒక టచ్ హీలింగ్ ఆయన దగ్గరికి తీసుకెళ్లాం. తల మీద, భుజాల మీద చేతులుంచి ఒంట్లో శక్తిని సరిచేస్తాడట. ఆ రాత్రి హాయిగా పడుకుంది. మిగతా సిట్టింగులకు డబ్బు ముందే కట్టాలనీ, డాక్టర్లతో పనిలేదనీ అంటున్నాడు. కట్టమంటారా?
– ఒక అక్క

సలహా: కట్టొద్దమ్మా. అయితే మీ చెల్లెలికి పట్టిన నిద్రను భ్రమ అని నేను కొట్టిపారెయ్యను. మన చర్మంలో మెల్లగా నిమిరితే స్పందించే నరాలు ప్రత్యేకంగా ఉన్నాయి. సెకనుకు 1 నుంచి 10 సెంటీమీటర్ల వేగంతో చెయ్యి కదిలితే అవి బాగా పలుకుతాయి. తల్లి బిడ్డ వీపు నిమిరేదీ ఇంచుమించు ఆ వేగంతోనే. 2006లో అమెరికాలో జేమ్స్ కోన్ బృందం 16 మంది వివాహితలకు చిన్న షాక్ తగలవచ్చని చెప్పి మెదడు స్కాన్ చేస్తే, భర్త చెయ్యి పట్టుకున్నప్పుడు భయం తాలూకు స్పందన బాగా తగ్గింది. కొత్తవాడి చెయ్యి పట్టుకున్నప్పుడూ తగ్గింది గానీ అంత కాదు. 2024లో 137 అధ్యయనాలను కలిపి చూసినవాళ్లు స్పర్శ వల్ల పెద్దల్లో ఆందోళన, దిగులు, నొప్పి తగ్గుతున్నాయని తేల్చారు. ఎంతసేపు అన్నదానికన్నా ఎన్నిసార్లు అన్నదే ఎక్కువ లెక్కకొచ్చింది. ఈ మేలు మీ ఇంట్లోవాళ్ల చేతుల్లోనూ ఉంది, రోజూ అందుతుంది. ఇక శక్తిని సరిచేయడమంటారా, ఆ మాటకు ఆధారం లేదు. చేతులతో ఒంటి శక్తిని పసిగడతామనే 21 మందిని ఎమిలీ రోజా అనే బాలిక తెర చాటున పరీక్షించింది. తమ రెండు చేతుల్లో దేని దగ్గర ఆమె చెయ్యి ఉందో వాళ్లు సరిగ్గా చెప్పింది నూటికి 44 సార్లే. ఊరికే ఊహించినా సగం సరిపోవాలి. 1998లో అమెరికా వైద్య సంఘం పత్రిక దీన్ని అచ్చువేసింది.

కాస్త ఊరట దొరికినా చాలు కదా, ఎవరి దగ్గరైతేనేం అని మీరడగొచ్చు. చాలదు. స్పర్శ ఈ గంటలోని భయాన్ని దించుతుంది. వాన చప్పుడుకు ఆనాటి నీళ్లు మళ్లీ ముంచుకొస్తున్నట్టు తోచే అలవాటును అది ఒక్కటే మాన్పలేదు. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013 మార్గదర్శకాల్లో ఇలాంటి బాధకు మనసుకు తగిలిన గాయం జ్ఞాపకం మీదే పనిచేసే సీబీటీ, ఈఎండీఆర్ అనే మానసిక చికిత్సలను సూచించింది. ఆ జ్ఞాపకాన్ని తవ్వితే ఇంకా కుంగిపోతుందేమోనన్న భయం మీకు కలగొచ్చు. మొదట్లో కొంత కష్టమే. అయితే శిక్షణ ఉన్నవాళ్లు ఆమె తట్టుకోగలిగినంతే, ఆమె ఆపమంటే ఆపుతూ నడిపిస్తారు. తప్పించుకు తిరిగేకొద్దీ భయం ముదురుతుంది. డాక్టరుతో పనిలేదన్న మాటే నాకు అన్నిటికన్నా ప్రమాదంగా కనిపిస్తోంది.

ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చెయ్యండి. ఉచితం, తెలుగులోనే మాట్లాడొచ్చు. ప్రభుత్వాసుపత్రి మానసిక వైద్య విభాగానికీ వెళ్లొచ్చు. ఇంట్లో తలకు నూనె పెట్టండి, వీపు నిమరండి, కానీ ముందు అడగండి. దెబ్బతిన్న మనసు ఒక్కోసారి అయినవాళ్ల చేతికీ బెదురుతుంది, వెనకనుంచి హఠాత్తుగా ముట్టుకోవద్దని మీ మరిదిగారికీ చెప్పండి. ఆమె ఇంకా బిడ్డకు పాలిస్తుంటే ఆ సంగతి డాక్టరుకు మొదటే చెప్పాలి, మందు రాయాల్సివస్తే దాన్నిబట్టి ఎంచుతారు.