శిబిరానికి వెళ్ళబోయే మా సంఘం యువతకు ఏడు మాటలు

గ్రీసు దేశంలోని లెస్బోస్ దీవిలో ఉన్న శరణార్థి శిబిరానికి, ఇంగ్లండులోని మా తెలుగు క్రైస్తవ సంఘం పిల్లల్ని చాలాసార్లు వెంటబెట్టుకుని వెళ్ళాను. నేను గుంటూరులో చదివి, ఇక్కడ నర్సుగా పనిచేసి రిటైరైనదాన్ని. ఈసారి వెళ్ళేవాళ్ళకు నేను చెప్పేదంతా ఒక్కదాని చుట్టూనే తిరుగుతుంది. మనం రెండు వారాలుండి వచ్చేస్తాం, వాళ్ళు అక్కడే ఉంటారు. కాబట్టి ఏ పని చేసినా, మనం వచ్చేశాక అది వాళ్ళకు మేలవుతుందా, భారమవుతుందా అని చూసుకుని చేయండి.

1. ఆ దీవి సంగతి తెలుసుకుని వెళ్ళండి

టర్కీ తీరానికీ లెస్బోస్‌కీ మధ్య ఇరుకైన చోట సముద్రం దాదాపు 10 కిలోమీటర్లే. 2015లో సుమారు 5 లక్షల మంది రబ్బరు పడవల్లో ఆ దీవి చేరారు. 2016 మార్చిలో యూరోపియన్ యూనియన్, టర్కీ ఒప్పందం చేసుకున్నాక, వచ్చినవాళ్ళు చాలామంది ముందుకు పోలేక దీవిలోనే నిలిచిపోయారు. సుమారు 3,000 మందికి సరిపోయే మోరియా శిబిరంలో 2020 మొదటికి 20,000 మంది దాకా చేరారు. చుట్టూ ఉన్న ఆలివ్ తోటలన్నీ గుడారాలతో నిండాయి. ఆ సెప్టెంబరులో మోరియా కాలిపోయింది. తర్వాత సముద్రం ఒడ్డున, మావ్రోవూనిలో కొత్త శిబిరం వేశారు.

దీవి జనాన్నీ గౌరవించండి. 1922లో ఆసియా మైనరు (ఇప్పటి టర్కీ) నుంచి ప్రాణాలు అరచేత పట్టుకుని వచ్చినవాళ్ళ మనవలు, మునిమనవలు వాళ్ళలో ఎందరో ఉన్నారు. 2015లో పడవలకు ఎదురెళ్ళి జనాన్ని ఒడ్డుకు చేర్చింది స్కాలా సికామినియాస్ అనే పల్లె జాలరులు. తడిసిన పసిబిడ్డల్ని ఒళ్ళో పెట్టుకుని పాలు పట్టింది ఆ ఊరి ముసలమ్మలు. శిబిరంలో పంచే సబ్బులూ చెప్పులూ ఇక్కడినుంచి మూటగట్టుకుపోకండి. అక్కడి దుకాణాల్లోనే కొనండి, దీవి జనానికీ నాలుగు డబ్బులు వస్తాయి.

2. అప్పజెప్పిన పనే చేయండి

బట్టలు సైజులవారీగా సర్దడం, గుడారాలు లెక్కపెట్టడం, రాత్రిపూట గేటు దగ్గర కూర్చోవడం, వరుసలో నిలబడ్డవాళ్ళకు చీటీలివ్వడం: మీకు దొరికే పనులు ఇవే. ఇవి చిన్నవనుకోకండి. దుప్పట్లు తక్కువున్న రోజు వరుస తప్పితే కొట్లాట అవుతుంది. జాలేసి ఎవరికో చాటుగా ఒక దుప్పటి ఇచ్చారంటే, పొద్దుటినుంచి బిడ్డనెత్తుకుని నిలబడ్డ తల్లికి అన్యాయం చేసినట్టే. ఏదివ్వాలన్నా జాబితా ప్రకారమే ఇవ్వండి.

3. కథలు అడగకండి

ఎలా వచ్చారు, దారిలో ఎవరిని పోగొట్టుకున్నారు అని మీరు అడగొద్దు. ఆశ్రయం కోరే ఇంటర్వ్యూలో అధికారుల ముందు అదంతా వాళ్ళు పూసగుచ్చినట్టు చెప్పుకోవాల్సిందే. మీ దగ్గరైనా ఆ బాధ తప్పించండి. వాళ్ళంతట వాళ్ళు చెబితే వినండి. ఓదార్పు మాటలు దొరక్కపోతే మౌనంగా పక్కన కూర్చోండి.

4. అన్నానికీ విశ్వాసానికీ ముడిపెట్టకండి

అన్నిటికన్నా గట్టిగా చెప్పే మాట ఇది. 1876-78 కరువులో ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువలో కొంత భాగం తవ్వకానికి కాంట్రాక్టు తీసుకుని, ఆకలితో ఉన్న జనానికి పని ఇచ్చి కూలి ఇచ్చాడు. కరువు సాయం సాగినంత కాలం బాప్తిస్మాలు ఆపేశాడు. గింజల కోసం ఎవరూ సంఘంలో చేరకూడదన్నది ఆయన పట్టుదల. సాయం ముగిశాకే మళ్ళీ మొదలుపెట్టాడు. 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. మన తాతలు నడిచిన దారి అది.

సాయాన్ని మతప్రచారానికి వాడకూడదని 1994లో రెడ్‌క్రాస్, స్వచ్ఛంద సంస్థలు రాసుకున్న నియమావళి కూడా చెబుతోంది. శిబిరంలో దీనికి ఇంకో కారణమూ ఉంది. మతం మారినందువల్ల సొంత దేశంలో ప్రాణభయం ఉందని ఆశ్రయం దరఖాస్తులో చెప్పుకోవచ్చు. అందుకే తొందరపడి ఇచ్చిన బాప్తిస్మం నిజంగా నమ్మినవాడి మాటమీద కూడా అనుమానం తెస్తుంది. ఇక అఫ్ఘనిస్తాన్ నుంచి వచ్చిన ఒకతని బాప్తిస్మం ఫొటో ఫేస్‌బుక్‌లో పెడితే, అక్కడున్న అతని తల్లిదండ్రుల మీదికి ప్రమాదం తెచ్చినట్టే. ఎవరైనా యేసు గురించి అడిగితే దాచకుండా చెప్పండి. తర్వాత అక్కడ స్థిరంగా ఉండే పాస్టరుగారికి పరిచయం చేయండి. ఏళ్ళ తరబడి తోడుండేది ఆయనే.

5. పిల్లల్ని మీకు అలవాటు చేయకండి

వాళ్ళు ఇప్పటికే ఎందర్నో పోగొట్టుకున్నారు. ఒక్క బిడ్డనే చంకనేసుకుని తిరిగి, రెండు వారాలకు వదిలేసి వస్తే, ఆ జాబితాలో మీరూ చేరతారు. ఆటలైనా పాటలైనా గుంపుగా ఆడించండి, రోజూ వాళ్ళతో ఉండే టీచర్లను ముందుంచండి. ఏ బిడ్డతోనూ ఒంటరిగా ఉండకండి, ఇద్దరు పెద్దలు తప్పనిసరి.

6. సంఘం మనకన్నా ముందే అక్కడుంది

కాంగో నుంచి వచ్చిన విశ్వాసులు ఫ్రెంచిలో, లింగాల భాషలో ఆరాధించుకుంటారు. మీరు వెనక వరుసలో కూర్చోండి. ప్రసంగం చేయమని వాళ్ళు పిలిస్తేనే లేవండి. అఫ్ఘన్లతో మాట్లాడేటప్పుడు మీ మాటలు ఫార్సీలోకి మార్చే కుర్రాడు కూడా శరణార్థే. రోజంతా అందరి కష్టాలూ అతని నోటిమీదుగానే నడుస్తాయి. అతనికి విశ్రాంతి ఇవ్వండి, పేరుపెట్టి పిలవండి.

7. తిరిగొచ్చాక పని మొదలుపెట్టండి

సాక్ష్యం చెప్పేటప్పుడు ఎవరి పేరూ, ఎవరి ఫొటో బయటపెట్టకండి. అక్కడ ఏడాది పొడవునా ఉండి పనిచేసేవాళ్ళకు నెలనెలా కానుక పంపండి. ఇంకో సంగతి, ఆశ్రయం కోరి వచ్చినవాళ్ళు మన ఊళ్ళోనూ ఉన్నారు. తీర్పు వచ్చేదాకా చాలామందికి ఇక్కడ పనిచేసే హక్కు ఉండదు. నెలల తరబడి హోటలు గదుల్లోనే గడుపుతారు. వాళ్ళకు ఇంగ్లీషు నేర్పండి, డాక్టరు దగ్గరికి తోడు వెళ్ళండి, పండక్కి భోజనానికి పిలవండి. అక్కడ రెండు వారాల్లో నేర్చుకున్న ఓర్పు, ఇక్కడ ఒక్క కుటుంబానికైనా ఏళ్ళ తరబడి ఉపయోగపడాలి. అంత తీరిక లేదనుకునేవాళ్ళు ఈసారి టికెట్టు కొనకుండా, ఆ డబ్బు శిబిరానికి పంపండి. అదీ పరిచర్యే.