పదో తరగతి తర్వాత చదువుకు సర్కారు సాయం



పదో తరగతి దాటిన పేద విద్యార్థికి తెలంగాణలో సర్కారు నుంచి అందే సాయం ముఖ్యంగా రెండు తీరులు. ఒకటి ఆర్‌టీఎఫ్, అంటే ట్యూషన్ ఫీజు రీయింబర్స్‌మెంట్. ఇది కాలేజీ ఫీజు కోసం. రెండోది ఎంటీఎఫ్, అంటే తిండికీ ఉండడానికీ అయ్యే ఖర్చుల కింద ఇచ్చే మెయింటెనెన్స్ ఫీజు. ఊళ్లలో స్కాలర్‌షిప్ అనేది ఎక్కువగా దీన్నే. రెండింటికీ దరఖాస్తు ఈపాస్ వెబ్‌సైట్‌లోనే. ఇక దరఖాస్తు ఆగిపోతే వెళ్లే ఆఫీసు సంగతి. జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి 2016 అక్టోబరు 11న జిల్లాలయ్యాయి. అంతకుముందు ఈ ప్రాంతంలో చాలా ఊళ్లకు జిల్లా ఆఫీసంటే వరంగల్లే. ఇప్పుడు సొంత జిల్లాలోని సంక్షేమ శాఖ అధికారిని కలిసి అడగవచ్చు.

ఈ సాయం అందాలంటే కుటుంబ వార్షికాదాయం ఎస్సీ, ఎస్టీలకు 2 లక్షల రూపాయలు దాటకూడదు. బీసీ, ఈబీసీ, మైనారిటీలకు ఊళ్లలో 1.5 లక్షలు, పట్టణాల్లో 2 లక్షలు హద్దు.

ఇంజనీరింగ్‌లో చేరే ఇంట్లో అందరూ తెలుసుకోవలసిన లెక్క ఒకటుంది. ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకు కాలేజీకి ఖరారైన ఫీజంతా సర్కారే భరిస్తుంది. బీసీ, ఈబీసీలకు ప్రవేశ పరీక్ష ఎప్‌సెట్‌లో 10,000 లోపు ర్యాంకు వస్తే మొత్తం ఫీజు వస్తుంది. ఆ ర్యాంకు దాటినవారికి ప్రైవేటు కాలేజీలో ఏడాదికి 35,000 రూపాయలే. ఫీజు లక్ష అయితే మిగతా 65,000 ఇంటి మీద పడుతుంది, అదీ నాలుగేళ్లూ. కౌన్సెలింగ్‌లో వెబ్ ఆప్షన్లు పెట్టకముందే ఈ లెక్క కాగితం మీద వేసుకోవాలి. మేనేజ్‌మెంట్ కోటాలోనో స్పాట్ అడ్మిషన్‌లోనో సీటు తీసుకుంటే రీయింబర్స్‌మెంట్ లేనే లేదు. సీటు ఇప్పిస్తామని ఇంటికొచ్చేవాళ్లను మొదట అడగవలసింది ఇదే.

దరఖాస్తులు చిక్కుపడేది తరచూ పేరు దగ్గర. పదో తరగతి మెమోలోని పేరు, ఆధార్‌లోని పేరు అక్షరం తేడా లేకుండా ఉండాలి. మహబూబాబాద్ తండాల పిల్లలకు ఇది మరీ ముఖ్యం. బడిలో బానోత్ అని రాసి ఆధార్‌లో బానోతు అని ఎక్కితే కంప్యూటర్‌కు ఆ రెండు పేర్లూ వేరు మనుషులవే. ఆ తేడాను కాలేజీలో చేరకముందే దిద్దించుకోవడం మంచిది. కుల, ఆదాయ సర్టిఫికెట్లకు మీసేవలో దరఖాస్తు పెడితే తహసీల్దార్ ఇస్తారు. అడ్మిషన్ల రోజుల్లో అక్కడ రద్దీ ఉంటుంది కాబట్టి ఎండాకాలం సెలవుల్లోనే తీసుకోవాలి. బ్యాంకు ఖాతాకు ఆధార్ జతపడిందో లేదో బ్యాంకులోనే అడిగి తేల్చుకోవాలి. ఆన్‌లైన్‌లో దరఖాస్తు పెట్టడంతో పని తీరదు. ప్రింటు తీసి సర్టిఫికెట్లతో కలిపి కాలేజీలో ఇవ్వాలి, వేలిముద్ర వేయాలి, కాలేజీ దాన్ని పైకి పంపిందో లేదో చూసుకోవాలి. ఏటా రెన్యువల్ తప్పదు. హాజరు 75 శాతానికి తగ్గితే సాయం ఆగుతుంది.

మంజూరైన డబ్బు కూడా చాలాసార్లు ఆలస్యంగా వస్తుంది. బకాయిల కోసం 2025లో ప్రైవేటు కాలేజీలు రాష్ట్రమంతటా బంద్‌కు దిగాయి. ఈ ఆలస్యం విద్యార్థి తప్పు కాదు, అయినా బరువు మోసేది విద్యార్థే. చదువు పూర్తయ్యాక ఫీజు రాలేదని సర్టిఫికెట్లు ఆపే కాలేజీలున్నాయి. ఒరిజినల్ సర్టిఫికెట్లు కాలేజీలు తమ దగ్గర అట్టిపెట్టుకోకూడదని యూజీసీ 2018లోనే ఆదేశించింది. నోటితో అడిగితే ఇవ్వకపోతే రాతపూర్వకంగా అడగాలి. కట్టిన ప్రతి రూపాయికీ రసీదు తీసుకుని దాచాలి.

ఐటీఐ చదివినవారికి దారి వేరు. 1961 నాటి అప్రెంటిస్ చట్టం కింద పని నేర్చుకునే కాలంలో సంస్థ స్టైపెండ్ ఇవ్వాలి. 2019 నియమాల్లో ఐటీఐవారికి నెలకు కనీసం 7,000, డిప్లొమావారికి 8,000, డిగ్రీవారికి 9,000 అని పెట్టారు. అప్రెంటిస్‌గా చేరడానికి భూపాలపల్లివారికి సింగరేణి బొగ్గు సంస్థ దగ్గరే ఉంది. జనగామ, మహబూబాబాద్ పిల్లలు దక్షిణ మధ్య రైల్వే అప్రెంటిస్ నోటిఫికేషన్ కోసం కనిపెట్టుకుని ఉండాలి. అప్రెంటిస్‌గా చేరాలంటే కేంద్రం నడిపే అప్రెంటిస్‌షిప్ పోర్టల్‌లో ముందే పేరు నమోదు చేసుకోవాలి.

ఇంట్లో 8వ తరగతి చదివే తమ్ముడో చెల్లెలో ఉంటే ఎన్‌ఎంఎంఎస్ స్కాలర్‌షిప్ పరీక్ష రాయించాలి. సర్కారు, స్థానిక సంస్థల, ఎయిడెడ్ బడుల పిల్లలకే ఈ అవకాశం. ఆదాయ హద్దు 3.5 లక్షలు. ఎంపికైతే 9వ తరగతి నుంచి ఇంటర్ రెండో ఏడాది దాకా ఏటా 12,000 రూపాయలు వస్తాయి.