ఎంత ఎక్కినా అక్కడే!

ఫిజిక్స్ ల్యాబులో స్పీకరు మోగుతోంది. స్వరం ఎక్కుతోంది, ఎక్కుతూనే ఉంది. "ఎంత పైకి పోతుందిరా ఇది?" అన్నాను. ఎనిమిదేళ్ళు సంగీతం నేర్చుకున్నవాణ్ణి, స్థాయి చెప్పలేకపోయాను. సిగ్గేసింది.

బెల్ లేబొరేటరీస్‌లో పనిచేసిన రోజర్ షెపర్డ్ 1964లో ప్రకటించిన కిటుకిది. మోగేది ఒక్క స్వరం కాదు. మంద్రం నుంచి తారం దాకా, స్థాయికొకటి చొప్పున అదే స్వరం చాలా చోట్ల ఒకేసారి మోగుతుంది. నడుమవి గట్టిగా, కొసలవి సన్నగా. అన్నీ కలిసి అరస్వరం చొప్పున ఎక్కుతాయి. పైకొసది మాయమయ్యేలోగా అడుగున మరొకటి దొంగలా చేరుతుంది. పన్నెండు మెట్లెక్కితే మళ్ళీ మొదటి శబ్దమే!

ఆరు మెట్ల ఎడంలో రెండే శబ్దాలు వినిపిస్తే? నేను ఎక్కిందన్నాను, మావాడు దిగిందన్నాడు. పోట్లాడుకున్నాం. ఇలా మనిషికో రకంగా వినపడుతుందని డయానా డాయిచ్ 1986లోనే చూపించిందట. నిజమే మరి, ఎక్కినా ఆరు మెట్లే, దిగినా ఆరే.